చవక విమానంలో అదనపు రుసుముల నివారణ విధానం

చవక విమానయాన సంస్థ అమ్మే సరుకు ఒక్కటే: ఒక మనిషి శరీరాన్ని ఒక ఊళ్లో ఎక్కించుకుని ఇంకో ఊళ్లో దించడం. ఆ శరీరానికి సామాను ఉండటం, కిటికీ పక్కన కూర్చోవాలనిపించడం, ఆకలి వేయడం, భార్యాపిల్లలు ఉండటం, చివరి నిమిషంలో మనసు మారడం వగైరాలన్నీ వేరే పద్దు. మన దేశంలో ఈ పద్ధతికి శ్రీకారం చుట్టింది కెప్టెన్ గోపీనాథ్ 2003లో మొదలుపెట్టిన ఎయిర్ డెక్కన్. రూపాయి టికెట్టుతో జనాన్ని ఊరించిందీ, విమానంలో తిండీ నీళ్లూ కొనుక్కోవాలని అలవాటు చేసిందీ అదే. ఆ సంస్థ కింగ్‌ఫిషర్‌లో కలిసి 2008 నాటికి పేరు కూడా లేకుండా పోయింది గాని, అలవాటు మాత్రం మిగిలిన సంస్థలన్నింటికీ వారసత్వంగా దక్కింది. అందుచేత అదనపు రుసుము పడకూడదనుకునే ప్రయాణికుడు సాధ్యమైనంత మేర ఉత్త శరీరంగా మారాలి. ఈ సాధన టికెట్టు కొనే రోజునే మొదలవుతుంది.

మొదటి గండం పేరు. దరఖాస్తులో మొదటి పేరు, చివరి పేరు అని రెండు గళ్లుంటాయి. ఇంటిపేరు ముందుండే తెలుగువాడు ఏ గడిలో ఏది నింపాలో తేల్చుకునేలోగా టికెట్టు ధర పెరిగిపోతుంది. లక్ష్మిని ఆధార్ కార్డులో కె-ఎస్-హెచ్‌తో రాసి టికెట్టులో ఎక్స్‌తో రాసినవారికి ఒక వెసులుబాటు ఉంది: సంస్థ వెబ్‌సైటులోనే కొన్న టికెట్టయితే, 24 గంటల్లోపు చెబితే అదే మనిషి పేరులోని తప్పును ఉచితంగా దిద్దాలని పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నియమం. కనుక టికెట్టు కొన్నాక మొదటి 24 గంటలూ అక్షరాలు సరిచూసుకోవడానికే కేటాయించడం శ్రేయస్కరం.

రెండో గండం బీమా. వద్దనుకునేవారు వద్దు అని నొక్కితే సరిపోవాలి. కానీ కొన్నిచోట్ల ఆ మీటను నొక్కేవాడు తన ప్రాణం మీద తనకే తీపి లేదని ఒప్పుకుంటున్నట్టు రాస్తారు. వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరులో ఇలాంటి 13 రకాల మాయలను జాబితా కట్టి నిషేధించింది. వాటిలో సిగ్గుపడేలా చేసి కొనిపించడం ఒకటి. దానికి ఇచ్చిన ఉదాహరణ విమాన టికెట్టుతో అంటగట్టే బీమాయే. అడక్కుండా బుట్టలో సరుకు వేయడం ఇంకొకటి. నిషేధం అమల్లో ఉంది కాబట్టి ప్రయాణికుడు ఇప్పుడు ప్రతి పేజీనీ రెండుసార్లు చదివితే చాలు.

ఇవన్నీ దాటి డబ్బు కట్టే పేజీకి చేరాక కన్వీనియెన్స్ ఫీజు కనిపిస్తుంది. తన టికెట్టును తానే వెతుక్కుని, తన పేరును తానే టైపు చేసి, తన డబ్బును తానే పంపుకున్న ప్రయాణికుడి నుంచి ఆ సౌకర్యానికి వసూలు చేసేది ఇది. మనిషికింత లెక్కన పడుతుంది కాబట్టి ఒకే కార్డుతో ఒకేసారి కట్టిన నలుగురి కుటుంబం నాలుగు సౌకర్యాలు పొందినట్టు లెక్క. దీన్ని తప్పించుకోవడానికి స్వయంగా విమానాశ్రయం కౌంటరుకు వెళ్లి కొందామనుకునే హైదరాబాదీలు శంషాబాద్‌కు రానూపోనూ ఛార్జీలు ముందుగా లెక్కవేసుకోవాలి. ఆర్టీసీ వారి బస్సు పేరు పుష్పక్. ఎంతమంది ఎక్కినా ఇంకొకరికి చోటుంటుందని చెప్పే అసలు పుష్పక విమానంలో సీటు ఎంపిక రుసుము ఉన్నట్టు ఎక్కడా లేదు.

సీటు విషయానికొస్తే, ఇటూ అటూ మూడేసి సీట్లుండే 180 సీట్ల విమానంలో 60 మధ్య సీట్లుంటాయి. ఉచితంగా దొరికేవి చాలావరకు ఇవే, అవీ వెనక వరసల్లో. వెబ్ చెక్-ఇన్ తెరిస్తే సీట్ల పటం రంగురంగులుగా వస్తుంది. ప్రతి రంగుకూ ఒక ధర. ఏమీ ఎంచుకోకుండా ముందుకు వెళ్లే దారి పేజీలో ఉంటుంది, కాకపోతే అన్నిటికంటే చిన్న అక్షరాల్లో. అదీ దొరకనివారు కౌంటరు దగ్గరకు వెళ్లి ఏది ఇస్తే అది పుచ్చుకోవచ్చు. ఒకప్పుడు కౌంటరులో బోర్డింగ్ పాస్ అచ్చు వేసి ఇచ్చినందుకు కూడా వసూలు చేసేవారు. 2022 జులైలో కేంద్ర విమానయాన శాఖ అది కుదరదని చెప్పింది. పైసా ఇవ్వని దంపతులకు 9వ వరసలో ఒకటి, 27వ వరసలో ఒకటి మధ్య సీట్లు రావడం మామూలే. గంటంబావు ప్రయాణంలో ఈ ఎడబాటు కొందరికి కలిసొస్తుందని కూడా చెప్పాలి. కలిసి కూర్చోవాలనే పట్టుదల ఉంటే 12 ఏళ్లలోపు పిల్లవాణ్ణి అదే పీఎన్ఆర్ మీద వెంట తీసుకెళ్లాలి: పిల్లల పక్కన తల్లిదండ్రుల్లో ఒకరికైనా సీటివ్వాలని డీజీసీఏ 2024 ఏప్రిల్‌లో ఆదేశించింది. రెండోవారు మాత్రం 27వ వరసలోనే ఉంటారు. ఇక రెండేళ్లు నిండని పసివాడు ఒళ్లో కూర్చుంటాడు, కూర్చున్నందుకు కొంత చెల్లిస్తాడు. ఆర్టీసీ బస్సులో తరతరాలుగా పనిచేసిన "ఇంకా ఐదు నిండలేదండీ" అనే మంత్రం ఇక్కడ పారదు. జనన ధ్రువపత్రం అడుగుతారు.

అసలు యుద్ధం సామాను దగ్గర. దేశీయ ప్రయాణంలో సాధారణ టికెట్టుకు విమానం పొట్టలో వేసే పెట్టె 15 కిలోలు, చేతి సంచి 7 కిలోలు. అసలు పెట్టె లేనివారికి తక్కువ ధరకు టికెట్టు అమ్ముకోవచ్చని 2021 ఫిబ్రవరిలో డీజీసీఏ అనుమతిచ్చింది. అది కొన్న తెలుగువాడు వెళ్లేటప్పుడు మాటమీద నిలబడతాడు. తిరిగొచ్చేటప్పుడు అత్తగారు ఇచ్చే సంచులకు ఆ టికెట్టు సంగతి తెలియదు.

15 కిలోలు దాటాక కిలోకు ఎంత అన్నది సంస్థ ఇష్టం. 2016లో డీజీసీఏ 20 కిలోల వరకు కిలోకు 100 రూపాయలకు మించరాదని హద్దు పెట్టింది గాని, సంస్థలు కోర్టుకెక్కగా మరుసటి ఏడాది ఢిల్లీ హైకోర్టు ఆ హద్దును కొట్టేసింది. ఇప్పుడు కౌంటరు దగ్గర కిలోకు 500 దాటి అడగడం వింతేమీ కాదు. తిరుమల నుంచి వచ్చే ప్రయాణికుడికి దీని అర్థం ఇలా ఉంటుంది: చిన్న లడ్డు ఒక్కొక్కటి 160 నుంచి 180 గ్రాములు, ధర 50 రూపాయలు. ఆరు లడ్డూలు దాదాపు కిలో. 300 రూపాయల ప్రసాదాన్ని రేణిగుంట నుంచి ఎగిరించడానికి అంతకు మించి అవుతుంది. ఊరంతటికీ పంచాలనుకున్న భక్తుడు కౌంటరు ముందే పంపకం మొదలుపెడితే పుణ్యమూ దక్కుతుంది, రుసుమూ తప్పుతుంది. అదనపు కిలోలను ఇంటి దగ్గరే ఆన్‌లైన్‌లో కొనుక్కుంటే కౌంటరు కంటే తక్కువ పడుతుంది. కాబట్టి రుసుము నివారణకు అన్నిటికన్నా తేలికైన మార్గం రుసుము చెల్లించడం.

ఆ మార్గం మనస్కరించనివారికి దుస్తుల పద్ధతి ఉంది. మన దేశీయ విమానాల్లో పెట్టెను తూస్తారు, పెట్టె మోసేవాణ్ణి తూయరు. రెండు జీన్సులు, మూడు చొక్కాలు, వాటిపైన పదహారు జేబుల కోటు తొడుక్కుని, జేబుల్లో ఛార్జర్లు, జండూబామ్, కారప్పూస పొట్లాలు సర్దుకుంటే మూడు నాలుగు కిలోలు శరీరంలో కలిసిపోతాయి. శంషాబాద్‌లో మే నెల ఎండలో ఈ పద్ధతి పాటించేవారు తనిఖీ దగ్గర అన్నీ విప్పి ట్రేలో పెట్టాల్సి వస్తుందని గుర్తుంచుకోవాలి. ఒక మనిషికి అయిదు ట్రేలు పడితే వెనక వరస ఏమంటుందో ఇక్కడ రాయడం పద్ధతి కాదు. మెడకు చుట్టుకునే దిండులోని దూది తీసేసి లోదుస్తులు కూరడం కూడా ఈ శాఖకే చెందుతుంది. ఆడవారి హ్యాండ్‌బ్యాగును చేతి సంచి లెక్కలో చేర్చరు. అది ఎంత పెద్దదైతే హ్యాండ్‌బ్యాగు కాకుండా పోతుందనే విషయమ్మీద కౌంటరు ఉద్యోగికీ ప్రయాణికురాలికీ ఎప్పుడూ ఏకాభిప్రాయం కుదరదు.

ఈ సూత్రాలేవీ పాటించని కుటుంబాన్ని కౌంటరుకు పది అడుగుల దూరంలో గుర్తుపట్టవచ్చు. కాటా మీద 17.4 అని ఎర్ర అంకె వెలుగుతుంది. పెట్టె కిందికి దిగుతుంది, నేల మీదే జిప్పు తెరుచుకుంటుంది. మూడు పాలిథిన్ కవర్లు చుట్టి, రబ్బరు బ్యాండ్లు వేసి, పైన తువ్వాలుతో కట్టిన ఆవకాయ సీసా మొదట బయటికొస్తుంది. నూనె ఊరే సీసా చేతి సంచిలో భద్రతా సిబ్బందిని దాటదు కాబట్టి మళ్లీ లోపలికే వెళుతుంది. దాని బదులు పట్టుచీర తల్లి భుజం మీదికీ, సున్నుండల స్టీలు డబ్బా కూతురి ల్యాప్‌టాప్ సంచిలోకీ మారతాయి. కాటా ఈసారి 15.3 చూపిస్తుంది. "పర్లేదు లెండి సార్" అంటుంది కౌంటరు అమ్మాయి. అదనపు రుసుముల చరిత్రలో ఇంత సమర్థంగా పనిచేసిన నివారణ ఇంకొకటి లేదు, కానీ దీన్ని ముందుగా బుక్ చేసుకునే వీలు లేదు.

డబ్బిచ్చినా ఎక్కనివ్వని సరుకులూ ఉన్నాయి. ఎండుకొబ్బరి తనంతట తానే వేడెక్కి అంటుకోగల పదార్థమని అంతర్జాతీయ నియమాలు దాన్ని ప్రమాదకర సరుకుల్లో చేర్చాయి. పవర్ బ్యాంకు చేతి సంచిలోనే ఉండాలి, పెట్టెలో ఉంటే పెట్టెను తెరిపిస్తారు. మామూలుగా చేతి సామానులో చెల్లని కొబ్బరికాయకు 2024 అక్టోబరు నుంచి 2025 జనవరి 20 వరకు మినహాయింపు ఇచ్చారు, అదీ శబరిమల వెళ్లేవారి ఇరుముడిలో ఉంటేనే. అంటే ఒక్క కొబ్బరికాయను చేత్తో పట్టుకుని విమానమెక్కడానికి 41 రోజుల దీక్ష కావలసివచ్చింది.

తిండి సంగతి తేలిక. పులిహోర పొట్లానికి రుసుము లేదు. గాలిలో వేడినీళ్లు పోసి ఇచ్చే కప్పు ఉప్మా కొనేవాడి మీద పక్క సీట్లవాళ్లకు కలిగే జాలి, పొట్లం విప్పగానే ఇంగువ వాసనతో అసూయగా మారుతుంది. ఖాళీ సీసా తనిఖీ దాటించి లోపల నింపుకుంటే నీళ్లూ ఉచితమే. టీ తాగక తప్పనివారు 2024 డిసెంబరులో 10 రూపాయల టీ దుకాణం తెరిచిన కోల్‌కతా విమానాశ్రయం మీదుగా ప్రయాణం పెట్టుకోవచ్చు.

చివరగా, ప్రయాణం మానుకోవడం. రద్దు రుసుము మూల ఛార్జీ, ఇంధన సర్‌ఛార్జీ కలిపినదానికి మించకూడదు. చవక టికెట్టులో ఆ రెండూ ఎలాగూ పోతాయి. కానీ విమానాశ్రయం వాడుకున్నందుకు కట్టించుకునే యూడీఎఫ్ వంటివి, వాడుకోనప్పుడు, తిరిగి ఇవ్వాలి. చెప్పాపెట్టకుండా ఎగ్గొట్టినవారికి కూడా. ఇది అడిగినవారు తక్కువ, అడగవచ్చని తెలిసినవారు ఇంకా తక్కువ. అడగాలంటే వెబ్‌సైటులో ఆ ఫారం ఎక్కడుందో వెతికి పట్టుకుని, పీఎన్ఆర్ వేసి నింపాలి. ఏజెంటు దగ్గర కొన్న టికెట్టయితే డబ్బు ఏజెంటు ఖాతాకు వస్తుంది, అతను తన సేవా రుసుము మినహాయించుకుని మిగిలింది ఇస్తాడు.