చప్పట్లకు ఓటీ కడతారా సార్?

పారిశ్రామికవాడల్లో కుర్రాళ్లు నిలవడం లేదని యాజమాన్యాలకు ఒకటే బెంగ. ఐటీఐలో ఫిట్టర్ చేసిన పిల్లాడు మూడు నెలలు తిరక్కుండానే చెప్పాపెట్టకుండా మాయమవుతున్నాడట. ‘ఈ తరానికి ఓపిక లేదండీ’ అని తేల్చేసి, స్ఫూర్తి నూరిపోయడానికి ఓ వక్తను పిలిపిస్తారు. నైట్ షిఫ్ట్ దిగి కళ్లు మూతలు పడుతున్నవాళ్లను క్యాంటీన్లో కూర్చోబెట్టి, ఆయన చప్పట్లు కొట్టించి ‘పెద్ద కలలు కనండి’ అంటాడు. కనాలంటే ముందు పడుకోనివ్వాలి కదా మహాప్రభో!

‘ఇది కంపెనీ కాదు, కుటుంబం’ అంటారు హెచ్ఆర్ వారు. కుటుంబమే, కాదన్నదెవరు? కాకపోతే జీతమిచ్చేది లేబర్ కాంట్రాక్టరు.

ఓవర్‌టైమ్‌కు రెట్టింపు కూలి ఇవ్వాలని, నిలబడి పనిచేసేవాళ్లకు కూర్చునే ఏర్పాటు ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే 59, 44 సెక్షన్లలో ఏనాడో చెప్పింది. ఆ రెండూ అమలు చేసి చూపిస్తే వక్త గారి ఫీజైనా మిగిలేది. కానీ ప్రెస్ మిషన్ పక్కన స్టూలేస్తే క్రమశిక్షణ చెడుతుందట! దానికి బదులు గోడకు ‘ఈ నెల ఉత్తమ కార్మికుడు’ ఫొటో తగిలిస్తారు.

ఆ ఫొటోలోని కుర్రాడు మొన్న డెలివరీ బాయ్‌గా అదే ఫ్యాక్టరీ గేటుకు మేనేజరు గారి బిర్యానీ పార్సిల్ పట్టుకొచ్చాడు. పాసు లేదని సెక్యూరిటీ ఆపేస్తే, సారే బయటికొచ్చి తీసుకుని ఫైవ్ స్టార్ రేటింగ్ ఇచ్చారు. టిప్పు మాత్రం అడక్కండి.