బొగ్గులో పాతిక సెంట్లు

తమిళనాడులోని తీర్థమలైలో ఎండుచేపల పులుసు రహస్యంగా కాచుకోవడం అయ్యే పని కాదు. రామతీర్థం ధార కింద తల తడుపుకుని కొండ దిగిన భక్తులు మా వీధి మలుపు తిరిగేసరికే మా మెనూ చెప్పేయగలరు. తీర్థగిరీశ్వరుడు పైనుంచి ఏమీ అనడు. పక్కింటి పాట్టి, అంటే బామ్మగారు, మాత్రం గోడమీంచి తొంగిచూసి "ఇన్నిక్కు కరువాడా?" (ఇవాళ ఎండుచేపలా?) అని అడిగి తీరుతుంది. ఆవిడ శుద్ధ శాకాహారి.

ఆ ప్రశ్న పడలేకే మా ఆవిడ వంటింట్లో చిమ్నీ పెట్టించింది. గోడకు కన్నం కొట్టడానికి ఇంటి ఓనరు ససేమిరా అన్నాడు కనక గొట్టం లేని రకం కొన్నాం. అది పొగను లాక్కుని, బొగ్గు ఫిల్టర్‌లోంచి పోనిచ్చి, తిరిగి మన మొహానే వదులుతుంది.

ఆ బొగ్గును తక్కువగా చూడకండి. కొబ్బరి చిప్పల్ని బొగ్గు చేసి, సుమారు 900 డిగ్రీల వేడిలో ఆవిరి పట్టిస్తే ఒళ్లంతా కంటికానని రంధ్రాలు పడతాయి. ఒక్క గ్రాములోని రంధ్రాల గోడలన్నీ పరిచి కొలిస్తే దాదాపు 1000 చదరపు మీటర్లు, అంటే పాతిక సెంట్లు! దగ్గర్లోని హరూరులో రెండు సెంట్లు కొనలేని నేను వంటింట్లో భూస్వామిని. పట్టా ఒక్కటే లేదు. వాసనలు వచ్చి ఆ జాగాలో గుడిసెలు వేసుకుంటాయి. ఖాళీ చేయించడం మన తరం కాదు. జాగా నిండాక వచ్చిన వాసన నేరుగా పాట్టి ఇంటికి పోతుంది.

నిండిందని మనకు తెలియదు, మన ముక్కు మన వంటకు ఎప్పుడో అలవాటు పడిపోయింది. పాట్టి ముక్కే మీటరు.

"సబ్బునీళ్లలో కడిగేయండి సార్, కొత్తదైపోతుంది" అన్నాడు చిమ్నీ బిగించిన కుర్రాడు. కడగాల్సింది ముందుండే జాలీని. అది జిడ్డు ఆపకపోతే నూనె పోయి బొగ్గు రంధ్రాల్ని పూడ్చేస్తుంది. బొగ్గును కడిగితే తడుస్తుందంతే, పట్టిన వాసన దిగదు. అసలు చెమ్మే దానికి పడదు.

కొత్త ఫిల్టరు కోసం ఆన్‌లైన్‌లో వెతికితే డోలంత గొట్టాలు కనిపించాయి. టొరంటోలో ఉన్న మేనల్లుడికి ఫోటో పంపాను.

"మామయ్యా, అవి ఇంట్లో గంజాయి పెంచుకునేవాళ్లు పైన వేలాడదీసేవి. ఫ్యాను గాలిని అందులోంచి లాగుతుంది. లేకపోతే వాసనకు పక్కింటివాళ్లతో గొడవ."

అక్కడా పాట్టిలున్నారన్నమాట! కెనడాలో 2018 అక్టోబరు 17 నుంచి చాలా రాష్ట్రాల్లో ఇంటికి నాలుగు మొక్కలు చట్టబద్ధమట. ఇక్కడ 1985 నాటి చట్టం ప్రకారం మొక్క పెంచితే పదేళ్ల దాకా కఠిన జైలు. ఆ సంగతి వినగానే మా ఆవిడ నా ఫోను లాక్కుని, నేను వెతికినవన్నీ చెరిపేసి, "మనది చిమ్నీ అండీ, చిమ్నీ" అంది, ఎవరో వింటున్నట్టు కాస్త గట్టిగా.

చిమ్నీ కొనబోయేవారికి ఒక్క మాట. ఓనరు గడ్డం పట్టుకునైనా గోడకు కన్నం కొట్టించి, గొట్టం బయటికి పెట్టించుకోండి. ఒప్పుకోకపోతే జాలీ తరచూ కడగండి, బొగ్గు మూణ్నాలుగు నెలలకోసారి మార్చండి. ఎండుచేపలు తినే ఇంట్లో మూడే లెక్క.