మైదాగంజితో అతికిన పుట: ఒక నవల ఆత్మకథ

నాకు రెండు భాషలు. మొదటి పుట మొదలు కడపటి పుటకు ముందటి దాని వరకు నేను ఇంగ్లీషు. ఆ కడపటి పుట మాత్రము తెలుగు. అదియును అచ్చుపడినది కాదు. వేలూరు చెంతనున్న సత్తువాచారిలో ఒక తల్లి, పురిటికి వచ్చి తిరిగి అత్తవారింటికి పోవుచున్న కూతురి కొరకు, గోడ క్యాలెండరు కాగితము వెనుక నీలిసిరాతో వ్రాసిన పుట. నా కథ చెప్పుకొనుట యనగా ఆ పుట నాకెట్లు వచ్చినదో చెప్పుకొనుటయే.

నా పేరు ‘లవ్ కమ్స్ సాఫ్ట్‌లీ’. ప్రేమ అలికిడి లేక వచ్చునని దాని భావము. నన్ను రచించినది 1935లో కెనడా దేశపు ఆల్బెర్టా సీమలో జన్మించిన జానెట్ ఓక్ అను ఇల్లాలు. 1979లో అమెరికాలోని బెథనీ హౌస్ అను ప్రచురణ సంస్థ ఈ నవలను తొలుత వెలువరించినది. ఆ తరువాత అచ్చైన లెక్కకు మించిన ప్రతులలో నేనొకదానను. నా పుట్టుకలో చెప్పుకొనదగిన విశేషము లేదు. కాగితములు కత్తిరించి, వెన్నుకు కరిగించిన జిగురు పూసి, అట్ట తొడిగిరి, దారముతో కుట్టలేదు. చలిదేశమున ఆ జిగురు చాలును. వేలూరి అగ్నినక్షత్రమునకు చాలదు.

నాలోని కథ పందొమ్మిదవ శతాబ్దమునాటిది. పడమటి మైదానములకు బండ్లమీద తరలిపోవు జనులతో క్రొత్తగా పెండ్లాడిన మగని వెంట బయలుదేరిన మార్టీ అను యువతి, త్రోవలోనే అతనిని పోగొట్టుకొనును. ఆమె కడుపుతోనున్నది, చలికాలము ముంచుకొని వచ్చుచున్నది, వెనుకకు మరలుటకు బండ్లు లేవు. అట్టి వేళ క్లార్క్ అను అపరిచితుడు వచ్చి, తల్లి లేని తన పసిబిడ్డ మిస్సీకి తల్లివి కమ్మనియు, అందులకు తన ఇంటి నీడను తన పేరును ఇచ్చెదననియు, వసంతమున బండ్లు వెనుకకు పోవునప్పుడు ఆమె పోదలచినచో దారిఖర్చు తానే ఇచ్చెదననియు, బిడ్డను మాత్రము వెంట గొనిపొమ్మనియు అడుగును. ఆమె గత్యంతరము లేక ఒప్పుకొనును. ఆ పిమ్మట జరుగునదెల్ల ఒక ఇంటిలోని దినచర్యయే. ఆమెకు వంట రాదు. వచ్చినది ఒక్క అట్లు పోయుటయే. పూటపూటకును ఆ అట్లే పెట్టుచుండగా అతడు ఆక్షేపింపక, భోజనమునకు ముందు తన దేవునికి వందనము చెప్పి, పళ్లెము ఖాళీచేసి లేచిపోవుచుండును. ఆ ప్రార్థనలలోని చనువు మొదట ఆమెకు వింతగాను, క్రమముగా ఆధారముగాను తోచును. ఇంతకు మించిన సాహసము నాలో లేదు.

నావంటి వానిని క్రైస్తవ ప్రణయకథలందురు. మా వంశమున పెద్దలలో గ్రేస్ లివింగ్‌స్టన్ హిల్ అను ఆమె (1865–1947) నూటికి పైగా నవలలు వ్రాసినది. 1967లో కేథరిన్ మార్షల్ తన తల్లి జీవితమును ఆధారముగా చేసికొని, 1912లో అపలాచియా కొండలలో బడి చెప్పబోయిన పడుచును గూర్చి ‘క్రిస్టీ’ అను నవల వ్రాసెను. నా తరువాత 1991లో ఫ్రాన్సిన్ రివర్స్, బైబిలులోని హోషేయ ప్రవక్త కథను 1850 నాటి కాలిఫోర్నియా బంగారు గనుల నడుమకు గొనిపోయి ‘రిడీమింగ్ లవ్’ రచించెను. 1997 నుండి వర్తమానకాలపు కథలు నెలనెలయు ‘లవ్ ఇన్‌స్పైర్డ్’ అను వరుసలో రాసాగినవి. వానిలో నాయికానాయకులు డాక్టరులు, టీచరులు, పోలీసువారు. మన దక్షిణదేశమున సైతము, 1915లో మాధవయ్య అను తమిళ రచయిత ఇంగ్లీషులో వ్రాసిన ‘క్లారిందా’ కలదు. తంజావూరి మరాఠీ బ్రాహ్మణ వితంతువు ఒకతె ఒక ఆంగ్లేయ సైనికాధికారిని ప్రేమించి, అతడు గతించిన పిదప బాప్తిస్మము పొంది, పాళయంకోటలో దేవాలయము కట్టించిన యథార్థగాథకు అది నవలారూపము. నవీనకథలను నేను తక్కువ చేయను. కాని నవీన నాయికకు టెలిఫోను కలదు, కారు కలదు, విసిగినచో మరునాడే పోగలదు. వసంతము వరకు బండ్లు రావను కథలో మాత్రమే మనుష్యులు ఒకరినొకరు ఓర్చుకొని, ఓర్పులోనుండి ఒకరినొకరు కనుగొనుటకు వ్యవధి యుండునని నా నమ్మకము.

1980ల నడుమ, ఆసుపత్రిని చూడవచ్చిన ఒక కెనడా దేశపు స్త్రీ నన్ను తన పెట్టెలో వేలూరికి తెచ్చెను. తిండివనములో ఒక్క రాత్రి ముగ్గురు గర్భిణులు స్త్రీవైద్యురాలు లేక మరణించుట చూచి చలించిన ఐడా స్కడ్డర్, 1900లో ఒక చిన్న గదిలో మందులిచ్చుటతో ప్రారంభించి, 1902లో నలువది పడకల ఆసుపత్రిగాను, 1918లో స్త్రీల వైద్యపాఠశాలగాను పెంచిన ఆ సంస్థను చూచుటకు దేశదేశముల వారు వచ్చుట ఆ ఊరికి క్రొత్త కాదు. వచ్చినామె పోవునప్పుడు నన్ను కిటికీ గూటిలో విడిచిపోయెను. మరచినదో, ఎవరైనను చదువుదురని ఉంచినదో తెలియదు. ఉంచినదనియే నేను తలచుకొందును. నన్ను తీసికొన్నది నెల్లూరి నుండి వచ్చి నర్సుగా పనిచేయుచున్న ఒక యువతి. ఆమె సత్తువాచారిలో ఒక ఇంటి మిద్దెమీది పోర్షనులో అద్దెకుండెను.

ఆ ఇంటి యజమానురాలు చిత్తూరి ఆడబిడ్డ. 1911 వరకు చిత్తూరును వేలూరును ఒకే ఉత్తరార్కాటు జిల్లాలోనివి గనుక, ఆ దారిన పిల్లనిచ్చుటయు తెచ్చుకొనుటయు తరతరముల వాడుక. ఆమెకు తెలుగు చదువ వచ్చును, ఇంగ్లీషు రాదు. వేసవి రాత్రులలో కరెంటు పోయినప్పుడు, నీరు లేని పాలారు ఇసుకమీదుగా వచ్చు గాలికై ఇద్దరును మిద్దెమీద చాప పరచుకొని, లాంతరు నడుమ పెట్టుకొనెడివారు. నర్సమ్మ ఒక్కొక్క పేరా మనసులో చదివి, దానిని తెలుగులో చెప్పెడిది. నేను కెనడానుండి మోసికొని వచ్చిన కథ ఆమె నోట వేరొక రుచి పొందుట నేను మొదటిసారి వింటిని.

“ఏం పాపా, పొద్దుగాల్నుంచి రాత్రిదాకా అట్లే పోసి పెడతా ఉంటే ఆ మనిషి ఒక్క మాటన్నా అన్లేదా?”

“అన్లేదు పెద్దమ్మా.”

“మంచోడే. మా ఆయన పెండ్లయినాక ఆరు నెలలు నాతో మాట్లాడలా. పొగరనుకొని ఏడ్చినా. భయమంట, ఆయనకి!” అని ఆమె లాంతరు వత్తి కొంచెము తగ్గించి, చాలసేపు ఊరకుండి, “ఇస్సాకు అంతే గదా, రిబ్కాను ఇంట్లోకి తెచ్చుకున్నాకే గదా ఆమెమీద ప్రేమ పుట్టింది” అనెను.

ఆ రాత్రి నాకొక సంగతి తెలిసినది. నేను పుట్టిన దేశమున నాలోని కథ విపరీతముగా నుండును. అక్కడివారు ప్రేమించి పెండ్లాడుదురు, కావున పెండ్లి ముందు, ప్రేమ వెనుక అను వరుసను పూర్వకాలపు దురవస్థగా భావించి జాలిపడుదురు. ఈ మిద్దెమీద జాలి లేదు. ఇక్కడి స్త్రీకి మార్టీ పరాయిది కాదు. ఎన్నడు చూడని మనిషి ఇంటి గడపలో అడుగిడి, అతని తిండి, అతని అలుక, అతని మౌనము ఒక్కొక్కటే నేర్చుకొని, ఎప్పుడో ఒక నాటి సాయంకాలము అతని చెప్పుల చప్పుడుకు తన మనస్సు తేరుకొనుట గమనించుట ఆమె యెరుగనిదా? నన్ను వ్రాసిన తల్లి ఊహింపని పాఠకురాలు నాకు సత్తువాచారిలో దొరకినది.

1987లో ఆ ఇంటి కూతురు గుడియాత్తము నుండి తొలిచూలు పురిటికి వచ్చెను. పెండ్లియై ఏడాదిన్నర. బిడ్డకు పాలిచ్చుచు ఆ కథ తానును వినెను. విని, ఎవరును చూడనప్పుడు కన్నులు తుడుచుకొనెను. ఐదవ నెలలో బిడ్డతో తిరిగి పోవలసిన దినము వచ్చుసరికి, నన్ను తనకిమ్మని నర్సమ్మను అడిగెను. కాని అప్పటికే నా వెన్ను జిగురు ఎండకు కరిగి, పెళుసై, కడపటి ఆకు ఊడి మిద్దెమీద గాలికి పాలారు దెసకు ఎగిరిపోయినది. ముగింపు లేని కథను బిడ్డ చేతికిచ్చుటకు ఆ తల్లికి మనసొప్పలేదు. క్యాలెండరునుండి గడచిన నెల కాగితము చింపి, నర్సమ్మ చెప్పుచుండగా, తన గుండ్రని అక్షరములతో ఆ ముగింపు వ్రాసెను. చివర తన మాట యొకటి చేర్చెను.

గుడియాత్తములో ఆ ఇంటి ప్రక్కన అగ్గిపెట్టెలు అతుకు పని జరుగుచుండెను. అచ్చటి స్త్రీలు తెచ్చియిచ్చిన మైదాగంజితో ఆమె నా వెన్నును తిరిగి అతికి, ఆ క్యాలెండరు కాగితమును కడపట చేర్చి, పైన రుబ్బురోలు పొత్రము బరువుంచెను. అత్తగారు నిద్రించిన మధ్యాహ్నములలో, పొరుగింటి మగ్గముల లయ వినుచు, స్కూలు ఫైనలు నాటి ఇంగ్లీషును కూడబలుకుకొని ఆమె నన్ను మూడుమారులు చదివినది. ఒక పుస్తకము ఇంతకంటె కోరదగినది లేదు.

నా దుఃఖము ఆమె దయవలననే మొదలైనది. తనకు మేలుచేసినది ఇతరులకును చేయునని తలచి, ఆమె నన్ను ఒక ప్రార్థనామందిరపు గ్రంథాలయమునకిచ్చెను. అక్కడి పెద్ద యొకాయన నా అట్టమీది స్త్రీపురుషులను చూచి, పేరులోని ‘లవ్’ అను మాట చూచి, ఇది పడుచువారి చేతికి తగినది కాదని అద్దాల బీరువా అడుగు అరలో పెట్టి తాళము వేసెను. పై అరలో నల్లని అట్టతో పెద్ద గ్రంథముండెను. పొలములో పరిగె ఏరుకొను రూతును బోయజు చూచుట అందులోనే యున్నది. పరమగీతము అందులోనే యున్నది. ఆయన దానిని ప్రతిదినమును చదువుచుండెను. ఆయన దుష్టుడు కాడు, పిల్లలయెడ భయముగల మనిషి. అయినను నా కాలము ఆయన తాళపుచెవితోనే పోయినది.

ఆ బీరువాకు ఎదుటనే పెండ్లిండ్లు జరుగుచుండెను. వరుని ఒక్కమారు మాత్రము, అదియును పదిమంది నడుమ చూచిన పిల్లలు తెల్లచీర కట్టి, పూలచెండు పట్టుకొని, తలవంచుకొని నా ముందుగా నడచి పోయెడివారు. వారి చేతులు వణకుట అద్దములోనుండి నాకు కనబడుచుండెను. అమ్మా, అతడు మాటాడకున్న భయపడకుము, అట్లు సరిగా రాకున్నను ఫరవాలేదు, వసంతమునకు చాల దినములున్నవి అని చెప్పవలెనని యుండెడిది. చెప్పుటకే గదా నన్ను వ్రాసినది! ప్రతి డిసెంబరునను మందిరమునకు కాగితపు నక్షత్రములు కట్టిరి, విప్పిరి. మైదాగంజి రుచిమరగిన వెండిపురుగులు నా వెన్నును తొలుచుచు, క్యాలెండరు పుట అంచు వరకు వచ్చినవి. ఆ పుట పోవునని నేను పడిన వెరపు నా ఇంగ్లీషు పుటలలో దేనికొరకును పడలేదు. అవి వేల ప్రతులలో నున్నవి, ఇది నా యొక్కదానిలోనే యున్నది.

ఇరువదియేండ్లు దాటిన తరువాత మందిరము పడగొట్టి క్రొత్తది కట్టదలచి, బీరువా ఖాళీచేసి, పాత పాటల కాగితములతో నన్నును వరండాలో రాశిపోసిరి. పాతపేపర్ల మనిషి త్రాసు దింపెను. సామాను సర్దుటకు వచ్చిన స్త్రీలలో నెరసిన జుట్టుగల ఒకామె, రాశిలోనుండి జారిన పుస్తకపు అంచున గోధుమరంగు పట్టిన మైదా చారను చూచి వంగినది. మరుక్షణము నన్ను రెండు చేతులతో పట్టుకొని, కడపటి పుట తెరచి, అక్కడనే నేలమీద కూర్చుండిపోయెను. ఆమె తల్లి అప్పటికి లేదు.

ఇప్పుడు నేను మరల సత్తువాచారిలో, అదే ఇంట, అదే మిద్దె క్రింది గదిలో నున్నాను. తల్లి యిల్లు ఆమెకు వచ్చినది. నాడు ఐదునెలల పసికందుగా పోయిన బిడ్డ కూతురు, సెలవులకు వచ్చి, అవ్వ దిండు క్రింద నన్ను చూచి, రెండు రాత్రులలో చదివివేసెను. ఆ పిల్ల ఇంగ్లీషు ధారాళముగా చదువును. తమిళము బడిలో నేర్చినది. తమిళము అందరును తప్పక నేర్వవలెనను చట్టము 2006లో వచ్చిన నాటినుండి ఈ సీమలో తెలుగు అనేకుల ఇండ్లలో నోటిలో నిలిచి, అక్షరములలో తరిగినది. పిల్ల తెలుగు మాటాడును, చదువలేదు. కడపటి పుట వచ్చుసరికి ఆగి, కాగితమును దీపమునకు ఎదురుగా పట్టి, వెనుక త్రిప్పి క్యాలెండరు అంకెలు చూచి, వంటింటిలోనికి నడచినది.

“అవ్వా, ఇక్కడ ఏం రాసుండాది? ఆమె బండెక్కిందా, లేదా?”

అవ్వ చేయి కొంగున తుడుచుకొని, కండ్లద్దాలు పెట్టుకొని, పురుగు కొరికిన అంచు వెంబడి వ్రేలు నడిపించుచు, ముగింపంతయు చదివి, చివరి పంక్తికి వచ్చి, తన తల్లి గొంతుతోనే చదివెను.

“ఆమె బండెక్కలేదు. నువ్వు మాత్రం క్రిస్మసుకు బస్సెక్కి రా, బిడ్డనెత్తుకొని.”