ఏదో ఒగటి చెయ్ మా (టీకా తాత్పర్య సహితం)

మూలం:
"ఈ పొద్దు సంగట్లోకి ఏం చేసేదిరా?"
"ఏదో ఒగటి చెయ్ మా."

అవతారిక: ముళబాగిలు తాలూకా బైరకూరులో పొయ్యిమీద ఎసరు పెట్టి, అది కాగేలోపల మా అమ్మ అడిగే ప్రశ్న, దానికి నేను చెప్పే జవాబు. ఏడాదికి 365 సార్లు. పునరుక్తి దోషమని ఆలంకారికులు అంటారు గానీ వాళ్లకెవరో వండిపెట్టి ఉంటారు. కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్యలు రాసిన కొలచాల మల్లినాథసూరి కూడా ఇంట్లో ఈ మాట వినే ఉంటాడు. దీన్ని మాత్రం ముట్టుకోలేదు, గడుసువాడు.

ప్రతిపదార్థం: ఈ పొద్దు = నిన్నటి ఉప్పుసారు, మొన్నటి ఊరుబిండి కాకుండా; సంగట్లోకి = రాగిసంగటిలోకి (సంగటి ఉంటుందా లేదా అన్నది ఇక్కడ ప్రశ్నే కాదు, అది సిద్ధం); ఏం = తట్టలో మిగిలిన నాలుగు వంకాయలతో, వాడిపోయిన గుప్పెడు ఆకుతో ఏది; చేసేది = చేయవలసింది; రా = ఓ కుమారుడా (పలకకపోతే గోడకు, పిల్లికి కూడా వర్తిస్తుంది); ఏదో ఒగటి = నేను తర్వాత వంకపెట్టబోయేది; చెయ్ = నువ్వే తేల్చుకో; మా = అమ్మా (ఫోను మీంచి తలెత్తకుండా పలకాలి).

వ్యాకరణ విశేషం: 'చేసేది' తప్పు, 'చేయాలి' అనాలని కోస్తా పండితులు దిద్దబోతారు. దిద్దకండి. బడిలో కన్నడం, ఇంట్లో తెలుగు నడిచే సీమ ఇది. కన్నడంలో 'ఏను మాడోదు' ఎట్లాగో ఇక్కడ 'ఏం చేసేది' అట్లాగే. చూడాల్సింది ఇంకొకటుంది. ఈ వాక్యంలో కర్త లేడు. చేసేదెవరో ఇంటిల్లిపాదికీ తెలుసు కాబట్టి చెప్పే పనిలేదు.

పాఠాంతరం: "ఏం చేసేదత్తా?" అన్నది కోడళ్ల పాఠం. దానికి "నీ ఇష్టం" అని జవాబొస్తే ఆ పూట జాగ్రత్తగా ఉండాలి.

శంక: కూర ఎంచుకోవడం కూడా ఒక అలసటేనా?

సమాధానం: మా నాయన్ను చూడండి. టమాటా ఈ పొద్దే కోసేదా, రేపటిదాకా నిలిపేదా? కోస్తే వడ్డహళ్లి మండీకా, కోలారుకా, హద్దు దాటి మదనపల్లెకా? పదిహేను కిలోల పెట్టెకు తెల్లారి ఉన్న ధర మధ్యాహ్నానికి ఉంటుందా? ఇన్ని తేల్చి ఇంటికొచ్చిన మనిషిని ఏం సారు కావాలని అడిగితే మాట్లాడడు. పాపం అలిసిపోయినాడని అందరం అంటాం. డెయిరీకి ఎన్ని పాలు పోసేది, ఇంటికి ఎన్ని ఉంచేది అన్న లెక్కతో అమ్మ పొద్దు మొదలవుతుంది. ఆమె తేల్చినవాటికి మండీ లేదు, ధరా లేదు. అందుకని అలసటా లేదనుకున్నాం.

ఇక పశ్చిమ శాస్త్రం. 1998లో మనస్తత్వ శాస్త్రవేత్త బౌమైస్టర్ బృందం కొందరిని చాక్లెట్లు ముట్టుకోనీకుండా ముల్లంగి తినిపించి, తర్వాత విప్పడానికి వీలులేని చిక్కుముడి ఇస్తే, వాళ్లు తొందరగా చేతులెత్తేశారట. మనోబలానికి ఒక గాదె ఉందని, వాడేకొద్దీ అది తరుగుతుందని సిద్ధాంతం చేశారు. 2016లో 23 ప్రయోగశాలలు కలిసి దాన్ని పరీక్షిస్తే గాదె జాడ దాదాపు దొరకలేదు. అమెరికాలో ఒక అంగట్లో 24 రకాల జాములు పెడితే ఆగి చూసినవాళ్లలో నూటికి ముగ్గురే కొన్నారని, 6 రకాలు పెడితే ముప్పై మంది కొన్నారని 2000లో ఇంకొక పరిశోధన వచ్చింది. మా అమ్మ దగ్గర ఉన్నవి నాలుగు వంకాయలు. అయినా ఆమె అలసట నిజమే. ఏది ఎంచినా వంక ఆమె నెత్తికే వస్తుంది. 'ఏదో ఒగటి' అన్న నేనే విస్తరి ముందు కూర్చుని "మళ్లీ ఇదేనా" అంటాను. టీకాకారుడి మతంలో బరువంతా ఆ రెండో మాటలోనే ఉంది.

అపవాదం: అనపకాయల కాలంలో ఈ సూత్రం పనిచేయదు. చలి మొదలైతే రాత్రి గింజలు నానేస్తారు. తెల్లారి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నొక్కితే తోలు చేతిలో మిగిలి పప్పు చెంగున గిన్నెలో పడుతుంది. వీధిలో ఏ గడప మీద చూసినా ఇదే పని. ఆ దినాల్లో ఏం చేసేదని ఎవరూ అడగరు. పితికిపప్పే.

తాత్పర్యం: అడిగినామె సలహా కోరలేదు, పాలు పంచుకోమంది. జవాబిచ్చినవాడు ఉదారుడిలాగా కనబడుతూ మూటను తిరిగి ఆమె నెత్తికే ఎత్తాడు.

పోయిన శుక్రవారం పరీక్షకని, తలెత్తి, "పులగూర" అన్నాను. అమ్మ కాసేపు నన్నే చూసింది. "అయితే గట్టు మీద చెంచలాకు ఉంది, పీక్కుని రాపో" అనింది.

పాఠకులారా, ఈ టీకా ముగిసేలోపల మీ వంటింట్లోంచి కూడా ఆ ప్రశ్న వచ్చి ఉంటుంది. ఒక కూర పేరు చెప్పండి. చేతిసంచి తీసుకుని లేవండి.