పఠనవ్రత కల్పము

ఇద్దరు బిడ్డలును, ఒక ఉద్యోగమును, రెండుపూటల వంటయు గల స్త్రీ పుస్తకము చదువగోరినచో, ఆమె ముందుగా గ్రహింపవలసిన దేమనగా, తాను పుస్తకము చేతబట్టి కూర్చున్నంతనే తనకు పనియేమియు లేదని ఇంటనున్న సర్వులకును స్ఫురించును. అంతదనుక ఎవరికిని అక్కరలేని మేజోళ్ళును, ఎవరికిని పుట్టని దాహమును, భర్తగారి కళ్ళజోడును ఆ క్షణముననే అత్యవసరములగును. కావున ఈ వ్రతమునకు ప్రథమ నియమము గోప్యత. సెల్‌ఫోను చూచుచున్నవారిని ఎవరును కదపరు గనుక, గ్రంథమును దానిలోనికి దింపుకొని, బ్యాంకు లెక్కలు సరిచూచుకొనుచున్నట్లు కనుబొమలు ముడిచి చదువుట ఉత్తమము. అచ్చుపుస్తకమే కావలెనను పట్టుదల గలవారు దానికి వంటల పుస్తకపు అట్ట తొడుగవచ్చును. 'వంటలు - పిండివంటలు' వ్రాసిన చేతితోనే 'పాత కెరటాలు' శీర్షికన పాశ్చాత్య నవలలను తెలుగు ఇల్లాండ్రకు పరిచయము చేసిన మాలతీ చందూర్‌గారు దీనిని అపచారముగా తలపరు.

ఇక కాలము. బ్రాహ్మీముహూర్తము పఠనమునకు ప్రశస్తమని పెద్దలు చెప్పుదురు. తామట్లు చదువుకొనుచుండగా ఇంట పాలు కాచినవారెవరో మాత్రము చెప్పరు. స్కూలు బస్సు వచ్చులోపలను, కుక్కరు మూడవ ఈల వేయులోపలను లభించునదే శుభలగ్నము.

గ్రంథమును వస్తువును బట్టియు, శైలిని బట్టియు ఎన్నుకొనుట విమర్శకుల పద్ధతి. తల్లి ఎన్నుకొనవలసినది, ఎచ్చట విడిచిపోయినను అలుగని గ్రంథమును. ఈ గుణమున మధిర సుబ్బన్న దీక్షితులుగారి 'కాశీమజిలీ కథలు' అగ్రస్థానము వహించును. మణిసిద్ధుడను యతి ఒక గోపకుమారుని వెంటబెట్టుకొని కాశికి నడచుచు మజిలీకొక కథ చెప్పును. చెప్పువానికిని తొందర లేదు, వినువానికిని తొందర లేదు. 12 భాగములు ముగిసి వారు గమ్యము చేరునప్పటికి మన పెద్దబిడ్డ పదవతరగతి దాటును. 'కన్యాశుల్కము'ను సగముననే విడిచితినని చింతించుటయు అనవసరము: 1897లో అచ్చైన నాటకమును గురజాడవారే పెంచి, మరల 1909లో గాని వెలువరింపలేదు గదా, ఆ పండ్రెండేండ్ల గడువు చదువరికి మాత్రమేల చెల్లదు? ముళ్ళపూడివారి 'బుడుగు'ను నిదురించు బిడ్డ ప్రక్కన చదువరాదు. నవ్వు నాపుకొనుటలో మంచము కదలును. బుచ్చిబాబుగారి 'చివరకు మిగిలేది' మరింత ప్రమాదకరము. దానిని చదువునపుడు మాటిమాటికి పుస్తకము దించి గోడవంక చూడవలసి వచ్చును. గోడవంక చూచుచున్న తల్లిని కనిన ఇంటివారు వైద్యునికి కబురంపుదురు. 'వేయిపడగలు' పరుండి చదువువారికి మేలు, కునుకుపట్టగనే ఱొమ్ముపై బడి తానే మేల్కొలుపును.

తల్లులకు శిశుపోషణ గ్రంథములు కానుకలిచ్చువారు కొందరు గలరు. వంటమనిషికి జీతముగా గరిటె నిచ్చు యజమానుల వంటివారు వారు. అట్టివానిని కృతజ్ఞతతో స్వీకరించి కుర్చీ పొట్టికాలి క్రింద నుంచునది. "నీకు తేలికపాటి పుస్తకం చాలులే అమ్మా" యను హితైషుల మాటయు చెవిని పెట్టరాదు. పగలెల్ల చిల్లరపనులతో విసిగిన మనస్సునకు రాత్రి పెద్దనవలయే పథ్యమని నా నిశ్చితాభిప్రాయము.

పూర్వము గ్రంథాలయోద్యమ నాయకులు ఊరూర గ్రంథాలయములు నెలకొల్పుటయే గాక, 1935లో కృష్ణా కాలువపై పడవలో గ్రంథములనుంచి పల్లెల రేవులకు చేర్చిరి. ఆ మహనీయులు రేవువరకు తేగలిగిన పుస్తకమును రేవునుండి వంటింటికిని, వంటింటినుండి ఇల్లాలి కంటియెదుటికిని చేర్చు ఉద్యమము మాత్రము నేటికిని ఆరంభము కాలేదు.

తుదకు ఉద్యాపనము. పుస్తకము పూర్తియైన దినమున దానిని పొరుగింటి ఇల్లాలికి వాయనమీయవలెను. పుచ్చుకొన్నామెను ఎంతవరకు చదివితివని అడుగుట దోషము. తిరిగి ఇమ్మని అడుగుట మహాపాతకము. కావున మొదటనే రెండు ప్రతులు కొనవలెను. ఆ ఖర్చును బిడ్డల పాఠ్యపుస్తకముల పద్దున వ్రాయవచ్చును.