నోరు తెరిస్తేనే కనబడేది

బాత్రూంలో జారిపడిన డెబ్బై రెండేళ్ల పెద్దాయనకు మన ఊళ్లో జరిగే వైద్యం చూడండి. నుదుటికి కుట్లు, టీటీ ఇంజక్షన్, తలకు సీటీ స్కాన్. 'బ్రెయిన్ నార్మల్' అనగానే ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు. "మెడ తిప్పలేకపోతున్నానురా" అని ఆయన మూలిగితే, "పడ్డావు కదా నాన్నా, పట్టేసుంటుంది" అని కొడుకు బామ్ రాస్తాడు. స్కాన్ ఇంకో జానెడు కిందిదాకా తీసి ఉంటే మెడపూస విరిగిందో లేదో తేలిపోయేది. కానీ చీటీలో రాసింది తల ఒక్కటే. మెడ దాకా రావాలంటే ఇంకో చీటీ, ఇంకో బిల్లు, అన్నిటికన్నా ఖరీదైనది ఇంకో ఆలోచన కావాలి.

పక్క గదిలో, రాత్రంతా ఫోన్ చూసి మెడ పట్టేసిన కుర్రాడికి మాత్రం ఎంఆర్ఐ. పడలేదు, గుద్దుకోలేదు, చేతుల్లో తిమ్మిరి లేదు. అయినా సరే! రిపోర్టులో 'డిస్క్ బల్జ్' అని కనబడితే చాలు, ఆఫీసులో సెలవు, ఇంట్లో గౌరవం.

సరే, ఆ పెద్దాయన మెడ సంగతికి వద్దాం. పుర్రె కింద మొదటి పూస ఒక ఉంగరం అనుకుంటే, రెండో పూస నుంచి వేలు లాంటి కొమ్ము లేచి అందులో దూరుతుంది. తల పక్కకు తిప్పడంలో దాదాపు సగం పని అక్కడే జరుగుతుంది. ముసలితనంలో ఆ కొమ్ము విరగడానికి నిలబడినచోట కూలబడ్డా చాలు. 1974లో ఆండర్సన్, డి'అలోంజో అనే డాక్టర్లు ఈ ఫ్రాక్చర్లను మూడు రకాలు చేశారు. కొమ్ము మొదట్లో విరిగే రెండో రకం ఓ పట్టాన అతకదు.

ఎదురుగా తీసే ఎక్స్‌రేలో ఆ కొమ్ము కనబడాలంటే పేషెంటు నోరు బార్లా తెరవాలి. లేకపోతే దవడ, పళ్లు అడ్డం. నోరు తెరవమని అడిగే తీరిక ఎవరికుంది? ఫిల్మును ట్యూబ్‌లైటుకు ఎత్తిపట్టి, కళ్లు చికిలించి, తెల్లటి పళ్ల వరస వెనక ఏముందో తెలియకపోయినా 'ఫ్రాక్చర్ లేదు' అని తేల్చేస్తారు. పక్కనుంచి తీసిన ఫిల్ములో కింది పూసలను భుజాలు మింగేస్తాయి. మధ్యలో మిగిలిన నాలుగింటిని చూసి మెడ మొత్తానికీ నార్మల్ సర్టిఫికెట్టు!

ఇంతకీ ఎవరికి స్కాన్ తీయాలన్నది బ్రహ్మవిద్యేం కాదు. 2000లో అమెరికాలో 34,069 మందిని చూసి నెక్సస్ అనే అధ్యయనం వాళ్లు ఐదు ప్రశ్నలు తేల్చారు. మెడ వెనక నడిమధ్య నొక్కితే నొప్పా? మత్తులో ఉన్నాడా? తెలివిలో తేడా ఉందా? నరాల బలహీనత ఉందా? మెడ నొప్పిని మరిపించేంత దెబ్బ ఇంకెక్కడైనా ఉందా? ఐదింటికీ 'లేదు' అయితే ఫిల్మే అక్కర్లేదు. మరుసటేడు కెనడా వాళ్లు ఇంకో సూత్రం చెప్పారు. దెబ్బ తగిలినవాడికి 65 ఏళ్లు నిండితే చాలు, వేరే ప్రశ్న లేకుండా మెడ ఫొటో తీయాల్సిందే. మన బిల్లింగ్ కౌంటరుకు అంత శ్రమ లేదు. దాని ప్రశ్న ఒక్కటే: ఆరోగ్యశ్రీనా, ఇన్సూరెన్సా, క్యాషా?

ఎముక చిట్లింపు పట్టుకోవడంలో సీటీ మొనగాడు. వెన్నుపాము, లిగమెంట్ల సంగతి ఎంఆర్ఐ చూసుకుంటుంది. మొదటి మూడు పూసల్లో ఏది విరిగినా, పక్కనుంచి మెదడుకు వెళ్లే రక్తనాళం దెబ్బతిందేమో చూడ్డానికి రంగుమందు ఎక్కించి మళ్లీ సీటీ తీస్తారు. దేని పని దానిది. మన దగ్గర మాత్రం ఎక్కువ రేటున్నదే ఎక్కువ తెలిసిన మిషన్. ఇందులో కమీషన్ ప్రసక్తి నేను తేను, అది అందరికీ తెలిసిన రహస్యం.

రెండో పూస రెండువైపులా విరిగితే దానికి ఉరితీసే తలారి పేరు పెట్టారు. 1965లో ఆ పేరు పెట్టిన ష్నైడర్ అనే డాక్టరు చూసినవి మాత్రం ఎక్కువగా కారు ప్రమాదాలు. తలారి ఉద్యోగం హైవేకు ఎప్పుడో బదిలీ అయింది. అక్కడ పడినవాణ్ణి నలుగురం పట్టి, మడిచి, ఆటోలో కుక్కి, తల వేలాడేసి తీసుకొస్తాం. ఆస్పత్రి గుమ్మంలోకి వచ్చాక ఎంతో జాగ్రత్తగా మెడకు పట్టీ కడతారు.

ఇక రోగిని కూర్చోబెట్టి, మెడ వెనక వేలితో నొక్కి చూసి, ఆ ప్రశ్నలన్నీ అడిగి, "స్కాన్ అక్కర్లేదు, ఇంటికెళ్లండి" అన్న డాక్టరు ఒకాయన దొరికాడనుకోండి. బయటికి రాగానే బావమరిది అంటాడు: "ఈయనకి సరిగా తెలిసినట్టు లేదు బావా, పెద్ద డాక్టరు దగ్గరికి పోదాం పద."