రిక్షావాడి కారు

కారు కావాలంటే డబ్బుండాలని ఇన్నాళ్లూ అనుకున్నాం. అక్కర్లేదు, పేరు కలిస్తే చాలు. హైదరాబాద్‌లో ఒక రిక్షా కార్మికుడికి అలాగే కారు వచ్చింది. షోరూమ్ గడప తొక్కలేదు, తాళాలు చూడలేదు. దాదాపు ఆయన పేరే ఉన్న మరొకాయనకు కారుంది. ‘సమగ్ర వేదిక’ ఇద్దరినీ ఒక్కర్ని చేసింది. కారు కాగితం మీదే ఉండిపోయింది, కారుందని ఆగిన రేషన్ బియ్యం మాత్రం నిజమైనవి.

తెలంగాణ ప్రభుత్వం ముచ్చటపడి పెట్టుకున్న ఏర్పాటిది. దాదాపు 30 శాఖల రికార్డులు ఒక్కచోట కుప్పబోసి, ఎవరు ఎవరో సాఫ్ట్‌వేర్‌తో తేల్పిస్తారు. పౌరుణ్ని 360 డిగ్రీల్లో చూస్తుందట. చూసే ఉంటుంది. తలుపు తట్టే డిగ్రీ ఒక్కటే తప్పిపోయింది.

యంత్రాన్ని మాత్రం ఏమనగలం? మన పేర్లు అలాంటివి. యాదగిరిగుట్ట బస్టాండులో నిలబడి ‘‘యాదగిరీ!’’ అని కేకేస్తే పదిమంది వెనక్కి తిరుగుతారు. లక్ష్మికి ఒక కార్డులో ఎక్స్ ఉంటుంది, ఇంకో కార్డులో కె, ఎస్, హెచ్. ఊళ్లో వీఆర్వో అయితే ‘‘ఏ యాదగిరి? చెరువు కింది యాదగిరేనా?’’ అని అడిగేవాడు. (ఆ వీఆర్వోలనూ 2020లో తీసేశారు, అది వేరే కథ.)

2014 నుంచి 2019 దాకా రాష్ట్రంలో 18 లక్షల పైచిలుకు రేషన్ కార్డులు రద్దయ్యాయి. అన్నీ ఈ వేదిక పుణ్యమేనని అనను. కానీ జేబుదొంగను జైలుకు పంపేముందు కూడా ‘నువ్వేం చెప్పుకుంటావ్?’ అని అడుగుతుంది చట్టం. కార్డుదారును ఆపాటి మాట కూడా అడగలేదు. డిపో దగ్గర సంచీ పట్టుకుని నిలబడ్డాకే తెలిసింది, తన పేరు లేదని. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెబితే గానీ మళ్లీ ఇంటింటికీ వెళ్లి చూడాలన్న ఆలోచన రాలేదు. కార్డు పోయినవాళ్లవి చూసిన రెండు లక్షల పైచిలుకు దరఖాస్తుల్లో 15 వేల మందికి పైగా అర్హులే. నూటికి ఏడుగురే కదా అంటారేమో. ఆ ఏడుగురూ ఏం తిన్నారో ఏ శాఖ రికార్డులోనూ ఉండదు.

పోనీ, ఈ వేదిక లోపల లెక్క ఎలా కడుతుందో చెప్పమని సమాచార హక్కు కింద అడిగితే, సాఫ్ట్‌వేర్ కంపెనీ హక్కులకు భంగమన్నారు. అన్నం హక్కు కన్నా అది పెద్దది కాబోలు.

ఆ రిక్షా కార్మికుడి ఇంటివాళ్ల స్థానంలో నేనుంటే బియ్యం అడగను. నేరుగా ఆర్టీయే ఆఫీసుకెళ్లి కారు తాళాలు ఇప్పించమంటాను. నాదేనని సర్కారే తేల్చింది కదా!